ఆరో తరగతి ఎంట్రన్స్‌కి పిల్లల్ని ఇంట్లోనే ఎలా రెడీ చేయాలి

మేముండేది కర్నూల్లో, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర. మా పాప ఆరో తరగతి కోసం రెండు రెసిడెన్షియల్ స్కూళ్ళ ఎంట్రన్స్ రాసింది, ఒకదాంట్లో రాలేదు, ఒకదాంట్లో వచ్చింది. అప్పట్నుంచి మా వీధిలో ఎవరి పిల్లలు అయిదో తరగతికి వచ్చినా వాళ్ళమ్మ నన్ను ఆపి "అక్కా, యాడ కోచింగ్ వేసినావు, ఏ బుక్కు తెచ్చినావు" అని అడుగుతాది. గేటు దగ్గర నిలబడి సగం సగం చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసిపెడదామని ఇది రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి, నేను రెండేళ్ళు పడి తెలుసుకున్నది మీకు ఆరు నెలల్లో పనికొస్తే చాలు.

ముందే ఒక్క మాట. పిల్లకి లెక్కలు రావట్లేదని మనం కంగారు పడతాం కానీ చాలాసార్లు లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. ఇంట్లో తెలుగు, స్కూలు పేరుకి ఇంగ్లీష్ మీడియం, క్లాసులో టీచర్ ఇంగ్లీష్ లెక్కని తెలుగులో విప్పి చెప్పి చేయిస్తారు, పరీక్ష హాల్లో విప్పి చెప్పేవాళ్ళు ఉండరు. కింద నేను చెప్పేదాంట్లో సగం దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పని, ఏ పరీక్షో తేల్చుకోండి. "ఎంట్రన్స్ అంటే ఎంట్రన్సే కదా" అని ఏదో ఒక గైడు కొనేయకండి. నవోదయ ఆరో తరగతి పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. అందులో మెంటల్ ఎబిలిటీవే 40 ప్రశ్నలు, లెక్కలు 20, భాష 20. సైనిక్ స్కూల్ ఆరో తరగతి పరీక్ష ఇంకో రకం, 125 ప్రశ్నలు, 300 మార్కులు, రెండున్నర గంటలు, అక్కడ లెక్కలే రాజు, 50 ప్రశ్నలకి 150 మార్కులు, మిగతా మూడూ (ఇంటెలిజెన్స్, లాంగ్వేజ్, జీకే) తలా 25 ప్రశ్నలు, 50 మార్కులు. రెంటికీ నెగటివ్ మార్కులు లేవు. ఇవి గవర్నమెంట్‌వి కదా, మేం ప్రైవేట్ స్కూల్‌కి రాయిస్తున్నాం అంటారేమో, ప్రైవేట్ వాళ్ళు ఎవరి పేపర్ వాళ్ళే తయారు చేసుకుంటారు, పాత పేపర్లు బయటికి ఇవ్వరు, కానీ అడిగేది దాదాపు ఇవే సంగతులు కాబట్టి ప్రాక్టీస్‌కి నవోదయ, సైనిక్ పాత పేపర్లే మంచి సరుకు.

ప్రైవేట్ స్కూల్ అయితే ఆఫీసుకి ఫోన్ చేసి ఇవి అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి: ఏయే సబ్జెక్టులు, ఏ క్లాసు సిలబస్ (ఆరుకి పోయే పిల్లకి అయిదు వరకేనా), ఎంతసేపు, పేపర్ మీదా కంప్యూటర్ మీదా, పాసైనాక ఇంటర్వ్యూ ఉందా, అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెడతారా, మోడల్ పేపర్ ఇస్తారా. అసలు ఆ క్లాసుకి చేర్చుకుంటారా అన్నది అన్నిటికంటే ముందు అడగండి. పుట్టపర్తి సత్యసాయి హయ్యర్ సెకండరీ స్కూల్లో పిల్లల్ని తీసుకునేది ఒకటో తరగతికి, పదకొండుకి. అది తెలీక అనంతపురంలో ఉండే మా చుట్టాలు ఆరో తరగతికని పిల్లోణ్ణి ఏడాదంతా చదివించి, తీరా పోయినాక తెలుసుకుని వెనక్కి వచ్చినారు.

వయసు, అర్హత కూడా ఇప్పుడే చూసుకోండి. సైనిక్ ఆరో తరగతికి చేరే ఏడాది మార్చి 31 నాటికి పదేళ్ళు నిండి పన్నెండు దాటకూడదు. నవోదయకి పిల్ల అదే జిల్లాలో అయిదో తరగతి చదువుతూ ఉండాలి, పైగా జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకి. టౌన్లో ఉండేవాళ్ళు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

ఒకటో తరగతి పిల్లలకి కూడా కొన్ని చోట్ల ఇంటరాక్షన్ అనే పేరుతో టెస్ట్ పెడతారు. 2009 విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ చేర్చుకునేటప్పుడు స్క్రీనింగ్ (టెస్ట్ పెట్టి ఏరడం) చేయకూడదని రాసింది, చేస్తే మొదటిసారి 25 వేల వరకు, తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా. క్యాపిటేషన్ ఫీజు, అంటే డొనేషన్, తీసుకుంటే దానికి పదింతల వరకు. ఈ సంగతి తెలిసుంటే డొనేషన్ మాట వచ్చినప్పుడు మీ గొంతు గట్టిగా ఉంటుంది. ఆ చిన్న పిల్లలకి మాత్రం దయచేసి గైడ్లు కొనకండి, వాళ్ళతో కథలు చెప్పించండి, రంగులేయించండి, కొత్తవాళ్ళు పేరు అడిగితే గమ్మున అమ్మ కొంగు వెనక దూరకుండా చెప్పేటట్టు చుట్టాలిళ్ళకి తిప్పండి, అంతే చాలు.

రెండో పని, గైడు తెరవకముందే ఒక పాత పేపర్ రాయించండి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక, టీవీ ఆపేసి, ఫోన్లో టైమర్ పెట్టి కూర్చోబెట్టండి. మధ్యలో పోయి చూడకండి, మీ మొహం చూసి పిల్ల ఆన్సర్ మార్చేస్తుంది. దిద్దేటప్పుడు ఎర్ర పెన్ను వాడకండి, మార్కులు కూడా చెప్పకండి, ఆ రోజు మార్కులు ముఖ్యం కాదు.

తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం వేయండి. "తె" అంటే తెలీదు, ఆ పాఠమే రాదు. "అ" అంటే అర్థం కాలేదు. "తొ" అంటే తొందర. ఎలా తెలుస్తుందంటే, ఆ ప్రశ్న మీరు నోటితో తెలుగులో చదివి చెప్పండి, వెంటనే కరెక్ట్ జవాబు వస్తే అది "అ". ఇంగ్లీష్‌లోనే మళ్ళీ నిదానంగా చదవమంటే తనే తప్పు పట్టుకుంటే అది "తొ". రెండూ కాకపోతే "తె".

మా పాప మొదటి పేపర్లో 80కి 34 తప్పులు. విడదీసి చూస్తే తెలీక పోయినవి 9, తొందరలో 11, అర్థం కాక 14. అప్పటిదాకా నేను లెక్కల ట్యూషన్ పెట్టిద్దామని తిరుగుతున్నా. ఆ ఒక్క లెక్క చూడకపోయుంటే పెట్టించేదాన్నే. ఏం లెక్కంటే, "రవి హ్యాజ్ 48 మ్యాంగోస్. హి హ్యాజ్ 15 మోర్ దేన్ సీత. హౌ మెనీ డజ్ సీత హ్యావ్?" తను 63 వేసింది. మళ్ళీ చదువు తల్లీ అంటే వేలు పెట్టి చదువుతా వచ్చి, "మోర్" దగ్గర వేలు ఆగిపోయింది, పెన్సిల్‌తో ప్లస్ గుర్తు పెట్టేసింది, ఆ తర్వాత మాటలు చదవనే లేదు. మోర్ అంటే కూడాలి అని క్లాసులో నేర్పినారు మరి. నేను మెల్లగా "రవి దగ్గర 48 పండ్లు ఉండాయి, అవి సీత పండ్ల కంటే 15 ఎక్కువ, సీత దగ్గర ఎన్ని?" అన్నా. "33 కదమ్మా, ఇంత ఈజీనా?" అనింది. ఈ పిల్లకి తీసివేతలు నేర్పడానికి నెలకి రెండు వేలు కట్టబోయినా.

అందుకే మూడో పని ప్రశ్న చదవడం. రోజూ 20 నిమిషాలు, ఎక్కువ వద్దు, కానీ ఒక్క రోజు కూడా మానొద్దు. ఐదు లెక్కలు తీసుకోండి, చేయించకండి, చదివించండి అంతే. పైకి చదవాలి, తర్వాత పుస్తకం మూసి అదే లెక్కని తెలుగులో కథలాగ మీకు చెప్పాలి, ఎవరి దగ్గర ఏముంది, ఏమైంది, ఏం అడుగుతున్నారు. చెప్పగలిగితే ఆ లెక్క సగం అయిపోయినట్టే. మేం వంటింట్లో క్యాలెండర్ పక్కన ఒక చార్ట్ అంటించినాం, అందులో మోర్ దేన్, లెస్ దేన్, ఈచ్, ఆల్టుగెదర్, రిమైనింగ్, అట్ లీస్ట్, ఎక్సెప్ట్, నాట్, ఇలా పిల్లని పడేసిన మాటలన్నీ ఒక్కొక్కటీ తనే రాసింది. "నాట్" కనిపిస్తే ముందు దాని కింద గీత గీయాలి, అది మా ఇంటి రూలు. "విచ్ ఈజ్ నాట్ ఎ ప్రైమ్ నంబర్" అంటే ప్రైమ్ నంబర్‌కే టిక్ పెట్టి వచ్చే పిల్లలు ఎంతమందో.

పదిహేను రోజులు అయ్యాక తిరగేయండి, పిల్ల చేత లెక్కలు రాయించండి. సి క్యాంప్ రైతు బజార్‌కి తీసుకుపోయి కిలో టమోటా ఎంత, అరకిలో బెండకాయలు ఎంత అని తనే అడిగి రాసుకుని, ఇంటికొచ్చి దాని మీద ఇంగ్లీష్‌లో మూడు లెక్కలు తయారు చేసి వాళ్ళ నాన్నకి పరీక్ష పెట్టాలి. గ్రామర్ తప్పులున్నా పట్టించుకోకండి. ప్రశ్న తయారు చేసిన పిల్లకి ప్రశ్నలో మెలిక ఎక్కడ పెడతారో తెలిసిపోతుంది, ఇది ఏ కోచింగ్‌లోనూ చేయించరు.

మీ పిల్ల నిజంగా తెలుగు మీడియం అయితే ఇంకో దారి ఉంది, నవోదయ, సైనిక్ ఆరో తరగతి పరీక్షలు తెలుగులో కూడా రాయొచ్చు, అప్లికేషన్ నింపేటప్పుడే ఎంచుకోవాలి. పక్కింటి వాళ్ళు ఇంగ్లీష్ పెట్టినారని మీరూ పెట్టకండి.

ఇక లెక్కల పాఠాలు. "తె" అని వచ్చినవి మాత్రమే నేర్పండి, అన్నీ మొదటి నుంచి మొదలుపెడితే పిల్లకి విసుగొస్తుంది. వరస మాత్రం ముఖ్యం: ఎక్కాలు 20 వరకు, తర్వాత క.సా.గు, గ.సా.భా, తర్వాత భిన్నాలు, ఆ తర్వాతే దశాంశాలు, శాతాలు, లాభనష్టాలు. భిన్నాలు రాని పిల్లకి శాతాలు చెప్తే గాల్లో గోడ కట్టినట్టే. భిన్నాలు మా జేజి (అవ్వ) జొన్న రొట్టె మీద నేర్పింది, రొట్టెని నాలుగు చేసి ఒక ముక్క తీసి, అదే సైజు ఇంకో రొట్టెని ఎనిమిది చేసి రెండు ముక్కలు తీసి పక్కన పెట్టి "యాది ఎక్కువ?" అనింది. పాప ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంది, 1/4, 2/8 ఒకటేనని ఆ రోజు నుంచి మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. వైశాల్యానికి ఇంట్లో గచ్చు చాలు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది, 2 అడుగుల చదరపు టైల్స్ ఎన్ని పడతాయి? 30. ఎక్కువ మంది 60 అంటారు, ఎందుకంటే 120ని 2తో భాగిస్తారు. టైల్ వైశాల్యం 4 అని కింద కూర్చుని చేత్తో చూపించండి.

మెంటల్ ఎబిలిటీ అంటే చాలామంది అమ్మలు భయపడతారు, బొమ్మలు చూసి మాకే అర్థం కావట్లేదు పిల్లకేం చెప్తాం అని. మీకు ముగ్గులు వచ్చా? వస్తే మీరే టీచర్. ఏడు చుక్కల ముగ్గు సగం వేసి మిగతా సగం పిల్లని వేయమనండి, అదే బొమ్మ పూర్తి చేసే ప్రశ్న. చుక్కల మధ్య గీత ఎటు తిరుగుతుందో చూసి తర్వాతది చెప్పమంటే అది ప్యాటర్న్ ప్రశ్న. అద్దంలో ప్రతిబింబానికి పౌడర్ డబ్బా అద్దం పక్కన అక్షరాలు పెట్టి చూపించండి. కాగితం మడిచి కత్తిరించే ప్రశ్నలకి పాత పేపర్ మడిచి కత్తెర చేతికివ్వండి, వారం రోజులు గది నిండా కాగితం ముక్కలే, ఊడ్చుకోవాలి తప్పదు. ఇది రోజూ చేసే పిల్లలకి నెలలో బాగా తేడా తెలుస్తుంది.

జీకే ఉంటే పుస్తకం బట్టీ పట్టించకుండా మన ఊరి నుంచి మొదలుపెట్టండి. కొండారెడ్డి బురుజు దగ్గర నిలబెట్టి, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలే రాజధాని, 1956 వరకు ఉండింది అని చెప్తే మర్చిపోరు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసేది మన ఊళ్ళోనే, ఆ తుంగభద్ర పోయి కృష్ణలో కలుస్తుంది, సుంకేసుల నుంచి మొదలయ్యే కేసీ కెనాల్‌లో కే అంటే కర్నూలు, సీ అంటే కడప. బెలూం గుహల పొడవు 3,229 మీటర్లు, మరి కిలోమీటర్లలో ఎంత? జీకే, లెక్కలు రెండూ అయిపోయినాయి. తర్వాత రాష్ట్రం, తర్వాత దేశం అలా పెంచుకుంటూ పోండి.

ఓఎంఆర్ షీట్ (జవాబులకి గడులు దిద్దే కాగితం) గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే మా పాపకి మొదటి స్కూల్లో రాకపోవడానికి సగం కారణం అదే అని నా నమ్మకం. 23వ ప్రశ్న రాక వదిలేసింది, 24వ దాని జవాబు 23 దగ్గర దిద్దింది, అలా ఒక్కో గడి పైకి జరిగి చివరికి ఒక గడి మిగిలినప్పుడు తెలిసింది. బాల్ పెన్నుతో దిద్దింది చెరపలేం కదా, హాల్లోనే ఏడ్చుకుంటా కూర్చుంది. ఇంట్లో మేం ప్రాక్టీస్ చేసిందంతా ప్రశ్నపత్రం మీదే టిక్కులు పెట్టించి. అది నా తప్పు, తనది కాదు, ఆ మాట తనకి కూడా చెప్పినా. మీరు మొదటి నెల నుంచే ఓఎంఆర్ షీట్లు ఒక యాభై జిరాక్స్ తీయించి పెట్టుకోండి, బాల్ పెన్నుతోనే దిద్దించండి. దిద్దే ముందు పెదాలు కదిపి నంబర్ అనుకోవాలి, ప్రతి అయిదు ప్రశ్నలకీ ఒకసారి ఆగి పేపర్ నంబర్, షీట్ నంబర్ ఒకటేనా చూసుకోవాలి. ప్రశ్న వదిలేస్తే పేపర్ మీద ఆ నంబర్ చుట్టూ సున్నా.

టైం సంగతి కూడా ఇక్కడే. నవోదయలో ప్రశ్నకి సగటున 90 సెకన్లు, సైనిక్‌లో 72. కానీ రోజూ టైమర్ పెట్టి తరమకండి, చదివి అర్థం చేసుకునే అలవాటు కుదరకముందే తరిమితే "తొ" తప్పులు పెరుగుతాయి. చివరి రెండు నెలలు వారానికి ఒక్క ఫుల్ పేపర్ చాలు. ఈజీవి ముందు, కష్టంగా ఉన్నవి రెండో రౌండ్. నెగటివ్ లేని పరీక్షలో చివరి అయిదు నిమిషాల్లో ఖాళీ గడి ఒక్కటీ ఉండకూడదు.

కోచింగ్ పెట్టాలా వద్దా? మీరిద్దరూ పనికి పోయేవాళ్ళయితే, ఇంట్లో చెప్పేవాళ్ళు లేకపోతే సాయంత్రం గంటో గంటన్నరో పెట్టండి, తప్పు లేదు. కానీ పోయి క్లాసు చూడండి, సార్ పిల్లల తప్పుల్ని కూర్చోబెట్టి చూస్తున్నాడా లేక బోర్డు మీద షార్ట్‌కట్లు రాసుకుంటా పోతున్నాడా అని. తొమ్మిదేళ్ళ పిల్లని స్కూలు మాన్పించి, పొద్దున అయిదుకి లేపి రాత్రి పది వరకు చదివించే హాస్టల్ కోచింగ్‌లో వేయడం మాత్రం నేను ఒప్పుకోను. సీటు వచ్చేలోపే చదువంటే విరక్తి పుట్టిన పిల్లల్ని మా వీధిలోనే చూసినా. రోజుకి గంటన్నర, సాయంత్రం ఆట, తొమ్మిదిన్నరకల్లా నిద్ర, ఇంతకు మించి పదేళ్ళ పిల్లకి అవసరం లేదు.

ఇంటర్వ్యూకి జవాబులు బట్టీ పట్టించకండి. అడిగేది ఏముంటుంది, నీకేం ఇష్టం, సెలవుల్లో ఏం చేస్తావు, చదివిన కథ ఒకటి చెప్పు. మా పాప ఊళ్ళో జేజితో కలిసి వేరుశనక్కాయలు ఒలిచింది, పందెం పెట్టుకుంది, చేతులు నొప్పులు పుట్టినాయి అని వచ్చీరాని ఇంగ్లీష్‌లో మధ్యలో తెలుగు కలిపి చెప్పింది, ఆ మేడం కుర్చీ ముందుకు జరుపుకుని ఇంకా చెప్పు అనింది. తెలీని ప్రశ్నకి "ఐ డోంట్ నో మేడం" అని తలెత్తి చెప్పడం నేర్పండి. పిల్లని అడిగినదానికి మీరు అందుకుని చెప్పకండి, ఎంత నోరు దురద పుట్టినా.

కాగితాలు నెల ముందే ఒక ఫైల్లో పెట్టండి: బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్టడీ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, ఫొటోలు. అన్నిట్లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా ఇప్పుడే చూడండి, ఆధార్‌లో ఒక అక్షరం తేడా ఉండి చివర్లో వార్డు సచివాలయం చుట్టూ తిరిగే బాధ నాకు తెలుసు. కొత్త స్కూల్లో సీటు ఖాయం అయ్యేదాకా పాత స్కూల్ నుంచి టీసీ తీసుకోకండి. ఫీజు కట్టే ముందు పిల్ల ఉండలేక వెనక్కి వస్తే ఎంత తిరిగిస్తారో రాతలో అడగండి, ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

పరీక్ష వేరే ఊళ్ళో అయితే ముందు రోజే చేరుకోండి, రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే దిగి రాయించకండి. ఆ రోజు ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ వద్దు, ఇడ్లీనో పెరుగన్నమో పెట్టండి. రెండు పెన్నులు, హాల్ టికెట్, నీళ్ళ బాటిల్. బయటికి వచ్చాక "ఎన్ని కరెక్టు?" అని అడగకండి, ఆకలేస్తుందా అని అడగండి.

మొదటిసారి లిస్టులో పేరు లేదని తెలిసిన రోజు నేను పాపతో దాచలేదు. "రాలేదు తల్లీ, ఇంకోటి ఉంది, రాస్తావా, వద్దంటే ఇక్కడే చదువుకుందువు" అన్నా. రెండు రోజులు ఏం మాట్లాడలేదు, మూడో రోజు తనే ఓఎంఆర్ షీటు తెచ్చి పెట్టుకుంది. ఆ రెండు రోజులు నేను గమ్మున ఉండటం, చుట్టాల ఫోన్లు తన ముందు ఎత్తకపోవడం, రెండూ కష్టంగానే చేసినా, మీరూ చేయండి. రాయనంటే మాత్రం బలవంతం పెట్టకండి, మన దగ్గరే చదువుకుని పైకొచ్చిన పిల్లలు ఎంతమంది లేరు.

సీటొస్తే చేరే లోపు దొరికే ఆ కొన్ని వారాల్లో ఇంక చదివించకండి. తన బట్టలు తను ఉతుక్కోవడం, పక్క సర్దుకోవడం, కంచం కడుక్కోవడం, ఒంట్లో బాగాలేకపోతే వార్డెన్‌కి ఎలా చెప్పాలో, ఎవరన్నా ఒంటి మీద చేయి వేస్తే ఎంత గట్టిగా అరవాలో, ఇంటికి ఫోన్లో ఏం చెప్పాలో నేర్పండి. మా పాపకి అన్నీ తొందరగానే వచ్చినాయి, రెండు జడలు మాత్రం రాలేదు, ఎడమ వైపుది ఎప్పుడూ వదులే. రోజూ అద్దం ముందు కూర్చుని విప్పడం, మళ్ళీ అల్లడం, నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. బయల్దేరే రోజు పొద్దున రెండూ తనే వేసుకుంది, ఎడమది రవంత వదులుగానే ఉండింది, నేను సరిచేయలేదు.